పీచుతో తోమిన చేతులు

మా అమ్మాయి పెరటి తలుపును భుజంతో తోసుకుని లోపలికి వచ్చింది. మోచేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని, వేళ్లు విడదీసి పైకెత్తి పట్టుకుంది. నీళ్లు మణికట్టు మీదుగా కారి పరికిణీ తడుస్తోంది. ఇంకా మాటలు సరిగా రాని తమ్ముడు నవ్వుకుంటూ ఎదురొచ్చి దాన్ని పట్టుకోబోయాడు.

"రాకు! నన్ను ముట్టుకోకు! నీకేదైనా అయిపోద్ది!" అని అరిచి, అది వెనక్కి గెంతి గోడకు అతుక్కుపోయింది.

ప్రమాదం మా ఇంట్లోకి వచ్చిందని నాకు తెలిసింది అప్పుడే. దానికి అయిదేళ్లు. తలుపు అలా తోయమని ఎవరూ దానికి నేర్పలేదు. మా ఇంట్లో తలుపులు భుజంతో తోసేది నేనొక్కదాన్నే.

అంతవరకూ నా చేతుల గొడవ నాదేనని అనుకున్నాను. వీధి గొళ్లెం ముట్టుకుంటే కడుక్కోవాలి. కూరలమ్మి గంప దించడానికి సాయం పడితే కడుక్కోవాలి. మా వారు బడి నుంచి తెచ్చిన సుద్దముక్క తగిలినా కడుక్కోవాలి. కడుక్కుని వస్తుంటే చీర కుచ్చెళ్లు గోడకు రాసుకున్నట్టు అనిపిస్తుంది, మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లాలి. చలికాలంలో వేళ్ల కణుపులు పగిలి నెత్తురు కనిపించేది. దీనికి అర్థం లేదని నాకు తెలుసు. మద్రాసులో కాలేజీకి వెళ్లి తర్కం చదివినదాన్ని, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తెలిసినందువల్ల చేతులు ఆగలేదు, అంతే.

నీళ్లు పోసే అతను కావిడి దించుతూ ఓ రోజు అన్నాడు: "అమ్మగారూ, గోదారినే ఇటు తిప్పించేసుకోండి. నాకు మొయ్యడం తప్పుద్ది."

పక్కింటి శెట్టిగారి భార్య గోడవతల నుంచి అందుకుంది. "నవ్వకురా. మా అత్తగారు వీరి దగ్గర మడి నేర్చుకోవాలి. ఏవండీ, మీ కిరస్తానీల్లో కూడా ఇంత ఉంటదా?"

"లేసు అల్లిన చేతులండి. చిన్నప్పటి అలవాటు" అని నేనూ నవ్వాను. నాకు బాగా పనికొచ్చిన జవాబు అది. అందరూ నమ్మేవారు, నేనూ నమ్మాను.

అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. నేను పుట్టింది నరసాపురంలో, మిషను బడి ఉపాధ్యాయుడి ఇంట్లో. మా పేటలో ఆడవాళ్లందరూ లేసు అల్లేవారు. తెల్లదారం ఎంత చెమ్మ పీల్చుకుంటుందో మురికినీ అంతే పీల్చుకుంటుంది, అందుకని ఒళ్లో తెల్లగుడ్డ పరుచుకుని, చేతులు కడుక్కుని, తుడుచుకుని గానీ సూది పట్టకూడదు. తక్కిన పిల్లలు తిట్లు తిని కడుక్కునేవారు. నేను ఒకసారి కడుక్కుని, మళ్లీ వెళ్లి, మళ్లీ కడుక్కునేదాన్ని. లేసు నేర్పే దొరసాని గారు నా చేతులు పైకెత్తి అందరికీ చూపించేవారు. "ఈ పిల్లను చూచి నేర్చుకొనుడి" అనేవారు. నాకు ఒక దారపు ఉండ బహుమతిగా ఇచ్చారు. ఏ ఊళ్లోనైనా ఆ వయసు పిల్ల అలా చేస్తే ఇదేంటని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. మా పేటలో మెచ్చుకున్నారు.

గోడకు అతుక్కున్న కూతురిని చూసిన రోజు సాయంత్రం మా వారితో చెప్పాను. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఏ మాట విన్నా కాసేపు ఊరుకుని గానీ పలకరు.

"నీ చేతుల గురించి నేను ఎప్పుడూ ఏమీ అనలేదు" అన్నారు చివరికి.

"అనాల్సింది."

"అంటే ఏడుస్తావని." కొంచెం ఆగి, "ఇప్పుడు దాన్ని చూసి నేనే ఏడ్చేలా ఉన్నాను. ఆస్పత్రికి వెళదాం" అన్నారు.

మిషను ఆస్పత్రి డాక్టరమ్మ గారు మన దేశం వచ్చి చాలా ఏళ్లయింది. ఆవిడ తెలుగు ఇప్పటికీ గుళ్లో బైబిలు చదివే తెలుగే. నా చేతులు కిటికీ దగ్గరికి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశారు. పూతమందు రాసిస్తారనుకున్నాను.

"మా దేశపు వైద్యులు దీనిని అనుమాన రోగము అందురు" అన్నారు. "దీనికి సీసాలో మందు లేదు. మీకు జ్ఞాపకమున్నంతలో, ఈ చేతులు మొట్టమొదట ఎప్పుడు కడిగితిరి?"

"లేసు బడిలోనండి."

"అంతకు ముందు?"

అంతకు ముందు ఏమీ లేదు అనబోయాను. అనబోతుండగా కొబ్బరి పీచు వాసన వచ్చింది. తడి పీచు, బూడిద, మా నరసాపురం ఇంటి నూతిపళ్లెం. నా మణికట్టు ఎవరి గుప్పిట్లోనో ఉంది. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని నేను చేతులు వెనక్కి లాక్కున్నాను.

"కడిగింది నేను కాదండి" అన్నాను. "కడిగించారు."

చెప్పడానికి నా దగ్గర చాలా తక్కువ ఉంది. నాకు ఆరేళ్లుంటాయి. నాకొక తమ్ముడు ఉండేవాడు. ఊళ్లో గత్తర, అదే కలరా, వచ్చింది. వాడు మంచం మీద పడుకుని ఉంటే పక్కన నేనున్నాను. మా మేనత్త వచ్చి నన్ను రెక్క పట్టుకుని నూతి దగ్గరికి ఈడ్చుకెళ్లింది. పీచుతో, బూడిదతో చేతులు తోమింది. నేను ఏడుస్తున్నా ఆపలేదు, నెత్తురొచ్చినా ఆపలేదు. లోపల నుంచి వాడు "అక్కా" అంటున్నాడు. తర్వాత నన్ను దొరసాని గారి బంగళా వసారాలో ఉంచారు. తిరిగి వచ్చేసరికి వాడు లేడు. వాడి నులకమంచం పెరట్లో కాల్చేశారు. ప్రభువు దగ్గరికి వెళ్లాడు అన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో వాడి పేరు ఎత్తినవాళ్లు లేరు.

అడక్కుండానే నాకొకటి అర్థమైంది. నా చేతులకు ఏదో ఉంది. లేకపోతే అంతలా ఎందుకు తోముతారు? అది వాడికి అంటుకుంది, వాడు వెళ్లిపోయాడు. ఈ మాట నేను ఎప్పుడూ మాటల్లో అనుకోలేదు. పిల్లలు అలా అనుకోరు. చేతులతో అనుకున్నాను.

డాక్టరమ్మ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. తర్వాత, "ఆ మేనత్త బ్రతికి యున్నదా?" అని అడిగారు.

దసరా సెలవుల్లో వెళ్లాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల దగ్గర నరసాపురం వెళ్లే కాలవ పడవ ఎక్కాం. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ నడుస్తుంది. దారి పొడుగునా నేను పడవ అంచు నుంచి చేతులు నీళ్లలోకి జారవిడుస్తూనే ఉన్నాను. మా అమ్మాయి నా పక్కకు వచ్చి తన చేతులూ జారవిడిచింది. నేను తీసేశాను. అదీ తీసేసింది. నేను చూడనట్టు కొబ్బరితోటల వైపు తిరిగి కూర్చున్నాను.

మా అమ్మానాన్నలు పోయాక మా నరసాపురం ఇంట్లో మేనత్త ఒక్కతే ఉంటోంది. ఆవిడకు పిల్లల్లేరు. అరుగు మీద కూర్చుని లేసు అల్లుతూనే మమ్మల్ని చూసింది, అల్లుతూనే ఏడ్చింది, అల్లుతూనే తిట్టింది.

"వచ్చావా తల్లీ? దారి తెలిసిందా? ఏవే, మద్రాసు చదువులు చదివి చేతులు ఇలా చేసుకున్నావేంటే? చాకిరేవు పనికేమైనా కుదురుకున్నావా?"

మా వారు పిల్లలిద్దరినీ రేవులో పడవలు చూపిస్తానని తీసుకెళ్లారు. నేను అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా కట్టుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అత్తా, తమ్ముడికి జబ్బు చేసినప్పుడు నా చేతులు తోమావు."

సూది ఆగలేదు. "తోమాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? గత్తర కదే."

"నా చేతులకు ఏముంది?"

అప్పుడు ఆగింది సూది. ఆవిడ నా వైపు చూసింది. నేను అడిగింది ఏమిటో ఆవిడకు మెల్లగా తెలియడం నాకు కనిపించింది.

"అమ్మడూ," అంది, "నీ చేతులకేం ఉంటదే? ఏమీ లేదు. ముందు రోజు నుంచీ నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. వాడి దగ్గరికి నిన్ను రానిచ్చిందెవరు? ఆ పూటే గుమ్మం దాటి లోపలికి దూరావు. అప్పటికే వాడి కళ్లు లోపలికి పోయినియ్యి. మీ అమ్మ గోడకు చేరబడి కూలబడిపోయింది. మీ నాన్న డాక్టరు కోసం పరిగెత్తాడు. నేనేం చెయ్యను? వాడికేం చెయ్యలేను. నిన్ను లాక్కొచ్చి తోమాను."

"నెత్తురొచ్చింది అత్తా."

"వచ్చిందా?" ఆవిడ సూది వైపు చూసుకుంది. "నాకు తెలీదు. నేను చేతులు చూడలేదే. నీ చేతులు కాదు తోమింది, నా భయాన్ని. చేతులకు ఏదో ఒక పని లేకపోతే నేను ఆ నూతిలో దూకేసేదాన్ని."

తర్వాత ఆవిడ గొంతు మార్చి, "ఇన్నాళ్లూ నీ వల్లే అనుకున్నావటే? ఒసే పిచ్చిదానా, అడగొచ్చుగా!" అంది. కోపంగానే అంది. ఆ కోపం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మళ్లీ సూది అందుకుని, "మీ ఆయనకు కాఫీ అలవాటేనా? ఇక్కడ దొరకదు, చెప్పు" అంది.

తిరుగు ప్రయాణంలో నేను పడవలో నిద్రపోయాను. నాకు నయమైపోయిందనుకున్నాను. నిజం తెలిసింది కదా, ఇక చేతులు కడగడానికి కారణం లేదు. మా వారు కూడా అదే అనుకున్నారు. ఇల్లు చేరి, వీధి తలుపు గొళ్లెం తీసి, నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాను. కడుక్కుంటూ చూసుకున్నాను. మళ్లీ కడుక్కున్నాను. అంతకు ముందు ఎప్పుడూ రానంత నిరాశ వచ్చింది. కారణం లేకుండా కూడా ఈ చేతులు ఆడుతున్నాయంటే ఇక వాటిని ఆపేది ఏది?

డాక్టరమ్మ గారు నా మాట విని ఆశ్చర్యపోలేదు. అందుకు నాకు కోపం వచ్చింది.

"ఊరికి వెళ్లమన్నది మీరే" అన్నాను.

"అవును. అది సగము పని. మీ మేనత్తగారి మాట మీ బుద్ధికి చేరినది. చేతులకు ఇంకా చేరలేదు. వాటికి ఎవరు చెప్పుదురు? మీరే చెప్పవలె." ఆవిడ నా చేతులు తన చేతుల్లోకి తీసుకున్నారు. "మీకు అన్నిటికంటె భయమైన వస్తువును ముట్టుకొనుడి. కడుగక కూర్చుండుడి. పారిపోకుడి. నూతియొద్ద నిలిచిన ఆ పిల్ల వచ్చును, తమ్ముని ఆ కేక వచ్చును. రానిండు. వచ్చినప్పుడు మీ మేనత్తగారు చెప్పిన మాట ఆ పిల్లకు చెప్పుడి. ఆ మాట లేనిదే ఈ పని చేయించితే మిమ్మును హింసించినట్లగును. ఆ మాట యున్నది గనుక చేయుడి అనుచున్నాను."

"భయమైన వస్తువు" అని ఆవిడ అనగానే నాకు తెలిసిపోయింది. గొళ్లెం కాదు, గంప కాదు. కడగని చేతులతో నా కొడుకును ఎత్తుకోవడం.

మర్నాడు పొద్దున మొదలుపెడదామనుకుని పెట్టలేదు. ఆ మర్నాడు గొళ్లెం ముట్టుకుని, వాడి వైపు రెండు అడుగులు వేసి, తొట్టి వైపు మళ్లాను. ఇంకో రోజు ఇంట్లో చుట్టాలున్నారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం, మా వారు బడికి వెళ్లాక, ఇంట్లో సద్దుమణిగాక, వీధి గొళ్లెం గట్టిగా పట్టుకుని వదిలి, వచ్చి, వాడిని ఒళ్లోకి తీసుకున్నాను. హైస్కూలు గంట మా ఇంటికి వినిపిస్తుంది. గంట కొట్టేదాకా కూర్చోవాలని పెట్టుకున్నాను.

వేళ్లు మండాయి. వాడి ఒంటి మీద నా చేతులు ఉన్నచోట్లన్నీ నల్లబడుతున్నట్టు అనిపించింది, చూస్తే మామూలుగానే ఉన్నాయి. వాడు నా తాళి పట్టుకు లాగాడు, అది నోట్లో పెట్టుకున్నాడు. లేవాలి, వీడి నోరు కడగాలి. లేస్తే మళ్లీ మొదటికి. అప్పుడే వచ్చింది ఆ కేక, లోపలి గది నుంచి వచ్చినట్టు, "అక్కా" అని. నేను కళ్లు మూసుకున్నాను. నూతిపళ్లెం దగ్గర ఆ పిల్ల చేతులు చాచి నిలబడి ఉంది. దాని దగ్గరికి వెళ్లాను. నీ చేతులకు ఏమీ లేదే అన్నాను. అత్త భయపడింది, అంతే. మళ్లీ అన్నాను. అది నమ్మలేదు. ఇంకోసారి అన్నాను.

నరసాపురం రేవులో సముద్రపు పోటు వచ్చినప్పుడు పడవవాళ్లు నీళ్లతో పోట్లాడరు. తాడు గుంజకు కట్టి, చుట్ట ముట్టించి, నీళ్లు తీసే పాటు వచ్చేదాకా కూర్చుంటారు. నేను చిన్నప్పుడు వాళ్లని సోమరులనుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం నేను చేసింది కూడా అంతకు మించి ఏమీ కాదు, కూర్చున్నాను. భయం నిండింది, ఇంకా నిండింది, ఇంక నిండటానికి చోటు లేక అలాగే నిలిచిపోయింది. తర్వాత ఎప్పుడో నేను చూడకుండానే కొద్దిగా తీసింది. పూర్తిగా తీయలేదు. గంట కొట్టేసరికి వాడు నా మోచేతి మీద తల వాల్చి నిద్రపోతున్నాడు, ఇంకా నా చేతులు మండుతూనే ఉన్నాయి.

కళ్లు తెరిస్తే స్తంభం పక్కన మా అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో.

"అమ్మా, నువ్వు కడుక్కోలేదు."

"కడుక్కోలేదు."

అది తమ్ముడి వైపు చూసింది. "తమ్ముడు చచ్చిపోతాడా?"

నేను నిద్రపోతున్న పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. నాకు ఎవరూ చెప్పకుండానే నేను కట్టుకున్న ఆ మాట, దానికి కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నేను గొళ్లెం నుంచి తొట్టికి నడిచిన ప్రతిసారీ ఆ మాటే దానికి వినిపించింది. "లేదమ్మా, ఏమీ కాడు" అని మాత్రం అనగలిగాను. అది నమ్మలేదు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వెళ్లింది. సాయంత్రం దాకా వచ్చి చూస్తూనే ఉంది. అన్నం తినేటప్పుడు కూడా వాడి వైపే చూసింది.

మా అమ్మకు ఆ రోజుల్లో నాతో ఒక్క మాట చెప్పే ఓపిక ఉండి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడను తప్పు పట్టడం లేదు. బిడ్డ పోయిన ఇంట్లో ఆ బిడ్డ గురించి మాట్లాడకపోవడమే మిగిలిన బిడ్డకు మేలు అని మా పేటలో అందరూ నమ్మేవారు. నేనూ మొన్నటిదాకా నా పిల్లల విషయంలో అదే నమ్మాను. వాళ్లకొక మేనమామ ఉండేవాడని కూడా చెప్పలేదు.

పిల్లలు పడుకున్నారు. ఇది రాస్తూ మధ్యలో లేచి చేతులు కడుక్కుని వచ్చాను. అది కూడా రాస్తున్నాను, నయమైపోయిందని ఎవరూ అనుకోకూడదు గనుక. కొన్ని రోజులు కూర్చోగలుగుతున్నాను, కొన్ని రోజులు కూర్చోలేకపోతున్నాను. కానీ నేను గంట దాకా కూర్చున్న ఆ రోజుకు మర్నాటి ఉదయం జరిగింది మాత్రం జరిగింది. ఎంత కడిగినా అది పోదు.

ఆ ఉదయం ఇద్దరికీ చద్దన్నం కలిపి ముద్దలు పెడుతున్నాను. మా అమ్మాయి నోరు తెరవకుండా నా చేతి వైపు చూసింది. నేను ముద్ద గిన్నెలో పెట్టేశాను. చిన్నవాడికి అర్థం కాదని తెలుసు, అయినా ఇద్దరికీ చెప్పాను.

"మీకొక మావయ్య ఉండేవాడు. తమ్ముడికంటే కొంచెం పెద్దవాడు. నన్ను అక్కా అనేవాడు. వాడికి జబ్బు చేసింది, చచ్చిపోయాడు."

"నీ చేతుల వల్లా?" అని అడిగింది అది.

నా చేతులకు ఏమీ లేదన్న మాట అంతవరకూ నేను ఎవరి ముందూ పైకి అనలేదు. అత్త అంది, డాక్టరమ్మ గారు చెప్పుకోమన్నారు, ఒళ్లో కొడుకును పెట్టుకుని కళ్లు మూసుకుని నేనూ మనసులో అన్నాను. అది నా మొహమే చూస్తోంది.

"కాదు. నా చేతులకు ఏమీ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందరూ భయపడి నాకు చెప్పడం మర్చిపోయారు, నేను తప్పుగా అనుకున్నాను. అందుకే నాకు ఉత్తుత్తినే కడుక్కోవాలనిపిస్తది. అది అమ్మ భయం, అమ్మది, నీది కాదు. నువ్వు తినే ముందు ఒక్కసారి కడుక్కో, మట్టిలో ఆడొచ్చి ఒక్కసారి కడుక్కో, చాలు. నేను మళ్లీ మళ్లీ లేస్తుంటే నువ్వు లేవకు. నన్ను ఆపాలని కూడా చూడకు, అది నా పని. నువ్వు తమ్ముడితో ఆడుకో. నువ్వు ముట్టుకుంటే వాడికి ఏమీ కాదు."